హాంకాంగ్ మీదుగా వచ్చిన బొంబాయి చానెల్

(శాఖా గ్రంథాలయంలో ఆదివారం సభలో ఒక విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళకు వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, ఆ ఫ్యాను ఆపిద్దాం. సరే.

టీవీ గురించి మాట్లాడమని సెక్రటరీగారు పిలిచారు. ముందే చెప్పేస్తున్నా, సీరియళ్ళ గురించి నాకేమీ తెలియదు. అత్తాకోడళ్ళ కథల కోసం వచ్చినవాళ్ళుంటే ఇప్పుడే వెళ్ళి టీ తాగొచ్చు, నేనేమీ అనుకోను. నేను పిల్లలకు ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరయినవాణ్ణి. యాంటెనాలు, తరంగాలు, వాటి మీద ప్రభుత్వాలు పెట్టే చట్టాలు... నాకు తెలిసిందల్లా ఇంతే. కాబట్టి జీ టీవీ కథ చెబుతాను గానీ, అందులో ఏం చూపించారన్నది కాదు, అది మన ఇంట్లోకి ఎటునుంచి వచ్చిందన్నది చెబుతాను.

ఒక ప్రశ్న అడుగుతాను, ఆలోచించండి. ఒక చానెల్ ఏ దేశానిదో ఎలా చెబుతారు? యజమానిని బట్టా? భాషను బట్టా? చూసేవాళ్ళను బట్టా? డబ్బులిచ్చి ప్రకటనలు వేయించేవాళ్ళను బట్టా? జీ టీవీ 1992 అక్టోబరు 2న మొదలైంది. అప్పటి యజమాని సుభాష్ చంద్ర, హర్యానాలోని హిసార్ ఊరి మనిషి. భాష హిందీ. షూటింగులు బొంబాయిలో. చూసేది మనం. ప్రకటనలు మన సబ్బులవీ మన టూత్‌పేస్టులవీ. అన్నీ మనవే కదా? అయినా అప్పటి మన చట్టం లెక్కలో అది విదేశీ చానెల్. ఎందుకని? సిగ్నల్‌ను పైకి పంపించే డిష్ అప్పుడు హాంకాంగ్‌లో ఉండేది. అందుకని. ఇంకే కారణమూ లేదు.

కొంతమంది నవ్వుతున్నారు. దీనికి ఎదురు ఉదాహరణ చెబుతాను, అప్పుడు ఇంకా నవ్వొస్తుంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా, సరిగ్గా ఏడాదిపాటు, మన దేశంలో ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టీవీ వచ్చింది. సైట్ ప్రయోగం అంటారు. ఆ ఆరింట్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఊళ్ళో టీవీ పెట్టి, పైన కోడి దడికి కట్టే జాలీ లాంటి డిష్ బిగించారు. పెద్దవాళ్ళు కొందరికి గుర్తుండే ఉంటుంది. ఆ ఉపగ్రహం ఎవరిది? అమెరికా వాళ్ళది, నాసా పంపిన ఏటీఎస్-6. మరి అది విదేశీ ప్రసారమా? కాదు. ఎందుకంటే పైకి పంపే కేంద్రం అహ్మదాబాద్‌లో ఉంది, ప్రభుత్వం చేతిలో ఉంది. ఉపగ్రహం అమెరికాదైనా ప్రసారం మనదే. జీ విషయంలో మనిషి మనవాడే, డిష్ పరాయి ఊళ్ళో ఉంది, కాబట్టి ప్రసారం పరాయిది. యజమాని ఎవరు, ఉపగ్రహం ఎవరిది, భాష ఏది, ఇవేవీ పట్టవు. పైకి పంపే డిష్ ఎవరి నేల మీద ఉంది? అప్పటి చట్టం అడిగేది ఆ ఒక్కటే. ఇవాళ నేను ఎటు తిరిగినా మళ్ళీ ఇక్కడికే వస్తాను, విసుక్కోకండి.

ఇంతకీ ఏమిటా చట్టం? 1885 నాటి ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం. 1885! అప్పటికి రేడియో లేదు, టీవీ లేదు. కట్టె స్తంభాల మీద తీగలు లాగి టకటకా టెలిగ్రాములు కొట్టే రోజులు. దాంట్లో నాలుగో సెక్షన్ ఏమంటుందంటే, టెలిగ్రాఫ్ నెలకొల్పే, నడిపే హక్కు ప్రభుత్వానికి మాత్రమే ఉంటుంది, ఇంకొకరు నడపాలంటే ప్రభుత్వం లైసెన్సు ఇవ్వాలి. తర్వాత వచ్చిన రేడియో, టీవీ, ఉపగ్రహం అన్నీ ఆ టెలిగ్రాఫ్ అనే మాట కిందికే చేరాయి. కాబట్టి అప్పట్లో మన నేల మీద నుంచి ఒక ప్రైవేటు కంపెనీ ఆకాశంలోకి సిగ్నల్ పంపడానికి వీల్లేదు. పంపడం మీద చట్టానికి ఉన్న పట్టు ఇది. మరి పైనుంచి దిగేదాన్ని అందుకోవడం మీద? అక్కడ ఆ పట్టు లేదు. ఉన్నా ఎవర్ని పట్టుకుంటారు? వాన పడుతుంటే ఎవరి పెరట్లో ఎవరు గిన్నె పెట్టారో ఎవరు చూస్తారు?

ఇలాంటి సందు దొరకడం మనకు కొత్త కాదు. రేడియో సిలోన్ విన్నవాళ్ళు ఇక్కడ ఎంతమంది? చూశారా, సగానికి సగం చేతులు లేచాయి! యుద్ధం రోజుల్లో మౌంట్‌బాటెన్ సైన్యం కోసం కొలంబోలో పెట్టిన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్లు, యుద్ధం అయిపోయాక 1949లో సిలోన్ ప్రభుత్వం చేతికి వచ్చాయి. మంచి పవర్ ఉన్న యంత్రాలు. సరిగ్గా ఆ కాలంలోనే ఇక్కడ సమాచార శాఖ మంత్రిగా బి.వి.కేస్కర్‌గారు వచ్చారు. సంగీతం అంటే శాస్త్రీయ సంగీతమే అని ఆయన నమ్మకం. ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు కరువైపోయాయి. జనం ఏం చేశారు? ముల్లు కొలంబోకి తిప్పారు. 1952లో అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా మొదలైంది. ఆ కార్యక్రమం బొంబాయిలో రికార్డయ్యేది. టేపులు విమానంలో కొలంబో వెళ్ళేవి. అక్కడి నుంచి షార్ట్‌వేవ్‌లో తిరిగి మన ఇంటికి వచ్చేవి. మన తెలుగు పాటలు కూడా వచ్చేవి కదా, మీనాక్షి పొన్నుదురైగారి గొంతు గుర్తుందా? ఆకాశవాణి దిగొచ్చి 1957లో వివిధ భారతి పెట్టింది, 1967లో దానిమీద ప్రకటనలు కూడా తీసుకుంది. కొలంబో దెబ్బ లేకపోతే అంత తొందరగా దిగొచ్చేదా? నాకైతే అనుమానమే.

టేపు విమానంలో బయటికి వెళ్ళడం, పాట గాల్లో లోపలికి రావడం. నలభై ఏళ్ళ తర్వాత జీ టీవీ చేసిందీ అదే.

ఇప్పుడు ఉపగ్రహం కథ. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. కొంచెం సేపు ఇక్కడే ఉంటాను, సెక్రటరీగారు గడియారం చూడొద్దు.

1984 ఫిబ్రవరిలో నాసా వ్యోమనౌక ఛాలెంజర్ షటిల్ వెస్టార్-6 అనే ఉపగ్రహాన్ని అంతరిక్షంలోకి తీసుకెళ్ళి వదిలింది. అది అమెరికాలోని వెస్ట్రన్ యూనియన్ కంపెనీ వాళ్ళది. షటిల్ వదిలాక ఉపగ్రహం సొంత రాకెట్ మోటారుతో ఇంకా పైకి, 36 వేల కిలోమీటర్ల ఎత్తుకు పోవాలి. ఎందుకంత ఎత్తు? ఆ ఎత్తులో భూమధ్యరేఖ మీద తిరిగే వస్తువు భూమితో సమానంగా తిరుగుతుంది. కింద నుంచి చూస్తే ఆకాశంలో ఒకేచోట నిలబడినట్టే ఉంటుంది. అప్పుడే కదా మనం డిష్‌ను ఒక దిక్కుకు బిగించి వదిలేయగలం? లేకపోతే ఇంటాయన రోజంతా మేడ మీదే డిష్ తిప్పుతూ కూర్చోవాలి. అయితే ఆ మోటారు సరిగా మండలేదు. ఉపగ్రహం పనికిరాని కక్ష్యలో ఇరుక్కుపోయింది. బీమా కంపెనీలు డబ్బు కట్టాయి. కట్టి, ఆ ఉపగ్రహం ఇప్పుడు మాదే కాబట్టి మాకు తెచ్చిపెట్టండి అన్నాయి. 1984 నవంబరులో డిస్కవరీ షటిల్ వెళ్ళింది. వ్యోమగాములు వీపుకు జెట్ తగిలించుకుని బయటికి ఎగిరి, ఉపగ్రహాన్ని పట్టి లోపల పెట్టుకుని భూమికి తెచ్చారు. అమ్మకానికి అని రాసిన అట్ట పట్టుకుని అంతరిక్షంలోనే ఫోటో కూడా దిగారు! నిజంగా దిగారు, నేను కల్పించడం లేదు.

ఆ సెకండ్ హ్యాండ్ సరుకును బాగుచేయించి కొన్నది ఎవరు? హాంకాంగ్‌లోని ఏషియాశాట్ కంపెనీ. హచిసన్ గ్రూపు, బ్రిటన్‌కు చెందిన కేబుల్ అండ్ వైర్‌లెస్, చైనా ప్రభుత్వానికి చెందిన సిటిక్, ముగ్గురూ కలిసి పెట్టిన కంపెనీ. 1990 ఏప్రిల్ 7న చైనా వాళ్ళ లాంగ్ మార్చ్-3 రాకెట్ మీద దాన్ని మళ్ళీ ఎగరేశారు. పేరు మార్చారు, ఏషియాశాట్-1. అమెరికాలో పుట్టి, బీమావాళ్ళ చేతుల్లోంచి హాంకాంగ్ కొనుక్కుంటే చైనా రాకెట్ ఎక్కింది. ఇంతా చేస్తే మన ఇంటికి తెచ్చింది హిందీ సీరియళ్ళు.

ఆ ఉపగ్రహానికి రెండు బీములు. బీము అంటే కింద నేల మీద పడే సిగ్నల్ పరిధి అనుకోండి. ఒకటి ఉత్తరపు బీము, చైనా, జపాన్, కొరియాల వైపు. రెండోది దక్షిణపు బీము, ఆగ్నేయాసియా నుంచి మన మీదుగా పశ్చిమాసియా దాకా. ఈ రెండు బీముల సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్ళీ పనికొస్తుంది.

హచిసన్ అధిపతి లీ కా-షింగ్ కొడుకు రిచర్డ్ లీ 1991లో ఈ ఉపగ్రహం మీద స్టార్ టీవీ మొదలుపెట్టాడు. బీబీసీ, ఎంటీవీ, ఒక క్రీడల చానెల్, స్టార్ ప్లస్. ఈ నాలుగూ ఇంగ్లిషు. మన దేశంలో అదే ఏడాది జనవరిలో గల్ఫ్ యుద్ధం పుణ్యమా అని సీఎన్ఎన్ చూడటానికి పెద్ద హోటళ్ళు డిష్‌లు బిగించాయి. అప్పటికే వీడియో క్యాసెట్లు వేసి వీధి వీధికీ తీగలు లాగిన కేబుల్ కుర్రాళ్ళు ఉన్నారు. వాళ్ళు చూశారు. డిష్ పెడితే క్యాసెట్ అద్దె మిగులుతుంది కదా అనుకున్నారు. వర్క్‌షాపుల్లో పది, పన్నెండు అడుగుల డిష్‌లు చేయించారు. అది సీ-బ్యాండ్, నాలుగు గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల వచ్చే బలహీనమైన సిగ్నల్, అందుకే అంత పెద్ద డిష్ కావాలి. ఒక మనిషి మేడ మీద డిష్‌ను అంగుళం అంగుళం జరుపుతుంటాడు, ఇంకొకడు కింద టీవీ ముందు నిలబడి వచ్చింది, వచ్చింది, పోయింది, పోయింది అని అరుస్తుంటాడు. నా దగ్గర చదువుకున్న కుర్రాళ్ళు చాలామంది ఆ పనిలోకే వెళ్ళారు. సిలబస్‌లో లేనిదంతా మేడ మీదే నేర్చుకున్నారు.

ఇప్పుడు సుభాష్ చంద్ర వస్తాడు. ధాన్యం వ్యాపారం చేసే కుటుంబం. టూత్‌పేస్టు ట్యూబులు తయారుచేసే ఎస్సెల్ ప్యాకేజింగ్ పెట్టినవాడు, బొంబాయిలో ఎస్సెల్ వరల్డ్ కట్టినవాడు. టీవీతో సంబంధం లేదు. ఇక్కడ చానెల్ పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. హాంకాంగ్ వెళ్ళి, మీ ఉపగ్రహంలో నాకొక ట్రాన్స్‌పాండర్ అద్దెకివ్వండి అన్నాడు. ట్రాన్స్‌పాండర్ అంటే ఉపగ్రహంలో ఒక చానెల్‌ను అందుకుని తిరిగి కిందికి పంపే పరికరం. అద్దె ఏడాదికి 50 లక్షల డాలర్లు అని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. అప్పటికి అది మార్కెట్ రేటు కంటే చాలా ఎక్కువ. 1992 అంటే దేశం బంగారం తాకట్టు పెట్టిన మరుసటి ఏడాది, గుర్తుంది కదా? ఒక డాలరు బయటికి వెళ్ళాలంటే రిజర్వు బ్యాంకు అనుమతి కావాల్సిన రోజులు. అలాంటి రోజుల్లో హిందీ చానెల్ కోసం డాలర్లలో అద్దె!

ఏర్పాటు ఎలా చేశారో చూడండి. బొంబాయిలో జీ టెలిఫిల్మ్స్ అనే కంపెనీ కార్యక్రమాలు తయారుచేస్తుంది. అది భారతీయ కంపెనీ. హాంకాంగ్‌లో ఏషియా టుడే లిమిటెడ్ అనే కంపెనీ ప్రసారం చేస్తుంది. అది విదేశీ కంపెనీ. బొంబాయిలో కార్యక్రమాలు చేయడం నేరమా? కాదు. టేపు ఎగుమతి నేరమా? కాదు. హాంకాంగ్‌లో ప్రసారం చేయడం నేరమా? అక్కడి చట్టం ప్రకారం కాదు. ఇక్కడ అందుకోవడం? పట్టించుకునేవాడు లేడు. నాలుగు పనులూ విడివిడిగా ఎక్కడికక్కడ సబబే. నాలుగూ కలిపితే ఇక్కడ చేయకూడని పని!

హాంకాంగ్ వాళ్ళకు కూడా వాళ్ళ తకరారు ఉంది సుమా. స్టార్ టీవీ అక్కడి జనం మాట్లాడే కాంటోనీస్ భాషలో ప్రసారం చేయకూడదని మొదట్లో అక్కడి ప్రభుత్వం షరతు పెట్టింది, స్థానిక చానెళ్ళను కాపాడటానికి. అంటే హాంకాంగ్ నుంచి హిందీ రావచ్చు, హాంకాంగ్ వాళ్ళ భాషలో రాకూడదు. ప్రతి ఊరూ పక్క ఊరి మీదికి గాలి వదలడానికి ఒప్పుకుంటుంది, సొంత ఇంట్లోకి మాత్రం రానివ్వదు.

జీ మొదట్లో రోజుకు కొన్ని గంటలే వచ్చేది. అయినా పట్టుకుంది. ఎందుకు పట్టుకుందంటే స్టార్‌లో ఇంగ్లిషు, దూరదర్శన్‌లో ప్రభుత్వం, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో అంతాక్షరీ, కోర్టు బోనులో నాయకుణ్ణి నిలబెట్టి ప్రశ్నలడిగే కార్యక్రమం, 1995లో సరిగమ. మన తెలుగు ఇళ్ళల్లో హిందీ అంతంతమాత్రం వచ్చినవాళ్ళు కూడా అంతాక్షరీ చూసేవాళ్ళు.

కానీ టేపు విమానం ఎక్కాలంటే ఒక ఇబ్బంది ఉంది. ఏమిటది? ఎవరైనా చెబుతారా? ఆ... అక్కడ అమ్మాయి చెప్పింది. లైవ్! లైవ్ లేదు. ఇవాళ జరిగింది ఇవాళ చూపించలేరు. పాట అయితే మూడు రోజుల పాతదైనా పాటే. వార్త మూడు రోజుల పాతదైతే? క్రికెట్ మూడు రోజుల పాతదైతే ఎవడు చూస్తాడు? అందుకే జీ మొదటి బలమంతా పాటలు, కథలు, కబుర్లలో ఉంది. దాని అభిరుచిని తీర్చిదిద్దింది యజమాని కంటే ఎక్కువగా ఆ విమానం టైమే అంటాను నేను.

లైవ్ దగ్గరే మొత్తం గొడవ కోర్టుకెక్కింది. 1993 నవంబరు, హీరో కప్. సౌతాఫ్రికాతో సెమీఫైనల్, చివరి ఓవర్లో ఆరు పరుగులు కావాలి, అజహర్ బంతిని సచిన్‌కు ఇచ్చాడు. మూడే వచ్చాయి. ఫైనల్లో కుంబ్లే 12 పరుగులకు ఆరు వికెట్లు. ఇవన్నీ మీకు తెలుసు. తెలియనిది తెరవెనక గొడవ. బెంగాల్ క్రికెట్ సంఘం ప్రసార హక్కులు ఒక విదేశీ కంపెనీకి అమ్మింది. మైదానం నుంచి సిగ్నల్ పైకి పంపాలి. ఎవరి అనుమతితో? మళ్ళీ అదే 1885 చట్టం! దూరదర్శన్ ఒప్పుకోలేదు. కలకత్తా హైకోర్టు, అక్కడి నుంచి సుప్రీం కోర్టు.

1995 ఫిబ్రవరి 9న తీర్పు వచ్చింది. ముగ్గురు న్యాయమూర్తులు, వాళ్ళలో జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డిగారు మన తెలంగాణ మనిషి. ఆయన విడిగా ఒక తీర్పు రాశారు. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని కోర్టు తేల్చింది. ప్రభుత్వ గుత్తాధిపత్యం కుదరదు, అలాగని డబ్బున్నవాడికి రాసిచ్చేయడమూ కుదరదు, స్వతంత్రమైన సంస్థ ఒకటి వీటిని చూడాలి. జీవన్‌రెడ్డిగారు ప్రైవేటు వాళ్ళ మీద కూడా గట్టిగా అనుమానం వ్యక్తం చేశారు. మనవాళ్ళు చాలామంది ఈ తీర్పును ప్రైవేటు చానెళ్ళకు గేటు తీసిన తీర్పుగానే చెబుతారు. పూర్తిగా చదివితే అంత సులువుగా తేలదు.

మనవాళ్ళు అన్నాను కాబట్టి ఇంకో ఇద్దర్ని చెప్పాలి. ఆకాశవాణినీ దూరదర్శన్‌నూ ప్రభుత్వం నుంచి విడదీసి స్వతంత్ర సంస్థ చేతిలో పెట్టే ప్రసార భారతి చట్టాన్ని 1990లో పార్లమెంటులో గట్టెక్కించిన మంత్రి పర్వతనేని ఉపేంద్రగారు. గట్టెక్కింది గానీ అమలు కాలేదు. ఏడేళ్ళు అటక మీద పడుంది. 1997 సెప్టెంబరులో దాన్ని దించి అమలులోకి తెచ్చిన మంత్రి సూదిని జైపాల్‌రెడ్డిగారు. చట్టం తెచ్చినవారు తెలుగువారు, తీర్పు రాసినవారు తెలుగువారు, అమలు చేసినవారూ తెలుగువారే. ఎవరూ చప్పట్లు కొట్టకండి, ఫలితం ఏమిటో మనకు తెలుసు.

సరే, సరిహద్దు సంగతికి వద్దాం. హాంకాంగ్‌లోని డిష్‌ను ప్రభుత్వం ముట్టుకోలేదు. మరి ఎవరిని ముట్టుకోగలదు? కేబుల్ కుర్రాణ్ణి! అతను ఇక్కడే ఉన్నాడు, అతని తీగ మన స్తంభం మీదే ఉంది. 1994 చివర్లో ఆర్డినెన్సు, 1995లో కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల చట్టం. అప్పట్లో ప్రతి కేబుల్ ఆపరేటరూ రిజిస్టరు చేసుకోవాల్సి వచ్చేది. ఎక్కడో తెలుసా? హెడ్ పోస్టాఫీసులో! ఉపగ్రహం నుంచి వచ్చే సరుకుకు పోస్టుమాస్టరు దగ్గర రసీదు. దూరదర్శన్ చానెళ్ళు కనీసం రెండు తప్పనిసరిగా చూపించాల్సి వచ్చేది. ఏది చూపించకూడదో ఒక జాబితా. హాంకాంగ్ కంపెనీ తప్పు చేస్తే శిక్ష మీ వీధి కేబుల్ ఆపరేటరుకు. పంపే దగ్గర ఉన్న సరిహద్దు నడుచుకుంటూ వచ్చి మన వీధి స్తంభం దగ్గర నిలబడింది.

తర్వాత ఆదాయపు పన్నువాళ్ళు వచ్చారు. వాళ్ళు రాకుండా ఉంటారా? ఇక్కడి ప్రకటనల డబ్బు విదేశీ కంపెనీకి పోతోంది, దానికి ఇక్కడ ఆఫీసు లేదు, లాభం ఎంతో ఎలా లెక్కేస్తారు? 1996 మేలో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఒక సర్క్యులర్ ఇచ్చింది. విదేశీ ప్రసార కంపెనీకి ఇక్కడి నుంచి వెళ్ళే మొత్తంలో పది శాతాన్ని లాభంగా అనుకుని పన్ను కట్టించుకోండి అని. చూశారా? సమాచార శాఖ ఇది విదేశీది, మాకు సంబంధం లేదు అంటుంటే పన్ను శాఖ విదేశీదే, అందుకే కట్టండి అంది. నాకు పన్ను శాఖ తెలివే ఎక్కువ నచ్చింది.

ఈలోగా హాంకాంగ్‌లో యజమాని మారాడు. 1993 జులైలో రూపర్ట్ మర్డోక్ స్టార్‌లో 63.6 శాతం వాటాను 52.5 కోట్ల డాలర్లకు కొన్నాడు. తర్వాత జీ ప్రసార కంపెనీలో కూడా దాదాపు సగం వాటా తీసుకున్నాడు. ఒప్పందం ఏమిటంటే హిందీ జీది, ఇంగ్లిషు స్టార్‌ది. ఒకే ఆకాశాన్ని భాషల వారీగా పంచుకున్నారు! ఆ పంపకం నిలవలేదు. స్టార్ ప్లస్ మెల్లగా హిందీ కలపడం మొదలుపెట్టింది, గొడవలు, కోర్టులు. చివరికి 1999లో సుభాష్ చంద్ర దాదాపు 30 కోట్ల డాలర్లు పెట్టి ఆ వాటాను వెనక్కి కొన్నాడు. చేతులు విడిపోయాయి. మరుసటి ఏడాది, 2000 జులైలో, స్టార్ ప్లస్ పూర్తిగా హిందీలోకి దిగింది, అమితాబ్ బచ్చన్ క్విజ్‌తో. జీ మొదటి స్థానం పోయింది. వాటా కొనుక్కుని స్వేచ్ఛ తెచ్చుకున్న జీ, శత్రువుకు కూడా స్వేచ్ఛ కొనిపెట్టింది.

మర్డోక్ పేరు వచ్చింది కాబట్టి రెండు బీముల సంగతి. 1994లో చైనా ప్రభుత్వానికి బీబీసీ నచ్చలేదు. మర్డోక్‌కు చైనా మార్కెట్ కావాలి. ఏం చేశాడు? ఉత్తరపు బీము నుంచి బీబీసీ తీసేశాడు. దక్షిణపు బీములో ఉంచాడు. మనకు బీబీసీ వస్తూనే ఉంది, చైనాలో ఆగిపోయింది. అదే ఉపగ్రహం! సరిహద్దులు లేని ఆకాశం అని అప్పట్లో పత్రికలు రాసేవి. ఉపగ్రహం కడుపులోనే సరిహద్దు గీశారయ్యా, ఇంకెక్కడి సరిహద్దులు లేని ఆకాశం?

మన ప్రభుత్వమూ తక్కువ తినలేదు. 1997లో మర్డోక్ డీటీహెచ్ తెస్తానన్నాడు. చిన్న డిష్, నేరుగా ఇంటికి, కేబుల్ కుర్రాడితో పనే లేదు. అంటే ప్రభుత్వం చేతికి చిక్కే మనిషి మధ్యలో ఉండడు. ఆ జులైలో ఒక నోటిఫికేషన్ వచ్చింది, 4,800 మెగాహెర్ట్జ్ పైన సిగ్నల్ అందుకునే పరికరాలు నిషేధం. ఆ అంకె ఎందుకు? సీ-బ్యాండ్, అంటే కేబుల్ వాళ్ళ పెద్ద డిష్, నాలుగు వేల చుట్టుపక్కల ఉంటుంది. డీటీహెచ్ వాడే కేయూ-బ్యాండ్ పదకొండు, పన్నెండు వేల దగ్గర ఉంటుంది. గీత మధ్యలో గీస్తే పాతది బతుకుతుంది, కొత్తది చస్తుంది. ఈసారి సరిహద్దు నేల మీద కాదు, ఫ్రీక్వెన్సీ మీద! క్లాసులో పిల్లలకు ఈ బ్యాండ్లు గుర్తుండవు, నేను ఈ కథ చెబితే చాలు, ఎప్పటికీ మర్చిపోరు. 2000లో ఆ నిషేధం ఎత్తేశారు. 2003లో దేశంలో మొదటి ప్రైవేటు డీటీహెచ్ వచ్చింది, డిష్ టీవీ. అది ఎవరిది? మర్డోక్‌ది కాదు, సుభాష్ చంద్ర గ్రూపుదే.

అదే 2000లో అప్‌లింకింగ్ కూడా తెరిచారు. భారతీయ కంపెనీలు ఇక్కడి నుంచే, సొంత టెలిపోర్ట్, అంటే సిగ్నల్‌ను పైకి పంపే కేంద్రం, పెట్టుకుని పంపుకోవచ్చు. అప్పటికి ఈటీవీ, జెమిని వచ్చి అయిదేళ్ళయింది. జీ మొదలైన ఎనిమిదేళ్ళకు దొరికిన అనుమతి. ఆ తర్వాతే కదా ప్రతి భాషలో ఇరవై నాలుగు గంటల వార్తలు, గోడ మీద పిల్లి దూకినా లైవ్!

## బయటికి వెళ్ళిన జీ

ఇప్పటిదాకా బయటి నుంచి లోపలికి వచ్చిన కథ. లోపలి నుంచి బయటికి వెళ్ళిన కథ కూడా ఉంది, త్వరగా చెబుతాను. 1995లో జీ బ్రిటన్‌లో టీవీ ఏషియా అనే చానెల్‌ను కొని అక్కడ మొదలైంది. ఇక్కడ ఒక తమాషా. యూరప్‌లో 1989లోనే ఒక ఉమ్మడి ఆదేశం తెచ్చారు, ఒక సభ్యదేశంలో లైసెన్సు ఉన్న చానెల్‌ను మిగతా దేశాలు మామూలుగా అడ్డుకోకూడదని. అదే ఏడాది అక్టోబరు 2న లక్సెంబర్గ్ లైసెన్సుతో నెదర్లాండ్స్ జనం కోసం డచ్ భాషలో ఆర్టీఎల్ వెరోనిక్ మొదలైంది, ఎందుకంటే నెదర్లాండ్స్ చట్టం వాణిజ్య చానెల్‌కు అప్పుడు ఒప్పుకోదు. అక్టోబరు 2! సరిగ్గా మూడేళ్ళకు అదే తేదీన జీ. వాళ్ళకు లక్సెంబర్గ్, మనకు హాంకాంగ్. తేడా ఏమిటంటే అక్కడ ఆ సందునే ఉమ్మడి చట్టం చేసేశారు, ఇక్కడ దాన్ని సందుగానే ఉంచి ఎనిమిదేళ్ళు నెట్టుకొచ్చారు.

ఇక పాకిస్తాన్. దక్షిణపు బీము అటారీ సరిహద్దు దగ్గర ఆగదు. తొంభైల్లో జీ అక్కడ బాగా చూసేవాళ్ళు, మన పంజాబ్‌లో పాకిస్తాన్ ప్రభుత్వ చానెల్ పీటీవీ నాటకాలు చూసినట్టే. 1999 కార్గిల్ సమయంలో మన ప్రభుత్వం కేబుల్‌లో పీటీవీ ఆపించింది. ఎవరి ద్వారా? కేబుల్ ఆపరేటరు ద్వారానే. 2014 జూన్‌లో జీ వాళ్ళే జిందగీ అనే చానెల్ పెట్టి పాకిస్తాన్ సీరియళ్ళు మనకు చూపించారు. బాగా నడిచింది. నాకు సీరియళ్ళు తెలియవన్నాను గానీ, మా ఇంట్లో అవి చూసేటప్పుడు ఎవరూ మాట్లాడేవారు కాదు, అంతవరకు తెలుసు. 2016 సెప్టెంబరులో ఉరీ దాడి తర్వాత ఆపేశారు. మరుసటి నెలలో పాకిస్తాన్ మన కార్యక్రమాలన్నిటినీ నిషేధించింది. 1992లో డిష్ ఎక్కడుందని అడిగేవారు. 2016కు వచ్చేసరికి సిగ్నల్ ఎక్కడి నుంచి వెళ్తే ఏముంది, కథ ఎవరిది, నటులు ఎవరు అని అడుగుతున్నారు. నేను అహ్మదాబాద్, హాంకాంగ్ అంటూ చెప్పిన లెక్క అక్కడ పనికిరాదు.

చివరి రెండు ముక్కలు చెప్పి ఆపేస్తాను, టీ చల్లారిపోతోందని సైగ చేస్తున్నారు. 2005 నవంబరులో డౌన్‌లింకింగ్ నిబంధనలు వచ్చాయి. బయటి నుంచి పంపే చానెల్ ఏదైనా సరే, ఇక్కడ దిగాలంటే అనుమతి తీసుకోవాలి. 1992లో సుభాష్ చంద్ర దూరిన సందు అధికారికంగా మూసుకుంది అప్పుడే, పదమూడేళ్ళకు, ఆయనకు దాంతో పనిలేని రోజుల్లో.

2022 నవంబరులో ఆ నిబంధనలను మళ్ళీ మార్చారు. ఇప్పుడు మన టెలిపోర్ట్‌ల నుంచి విదేశీ చానెళ్ళను పైకి పంపవచ్చు. ఇరుగుపొరుగు దేశాల చానెళ్ళు ఇక్కడికి వచ్చి అద్దె కట్టి ప్రసారం చేసుకోవాలని మన ఆశ. అంటే ఏ పక్కదేశపు వ్యాపారో సొంత దేశంలో అనుమతి దొరక్క, టేపు కాదు లెండి, ఇప్పుడు ఫైలు పంపి, మన డిష్‌తో తన ప్రజలకు తన భాషలో చానెల్ నడిపితే? మనం హాంకాంగ్ అవుతాం. అప్పుడు ఆ దేశపు మంత్రి ఫోన్ చేసి ఆపండి అంటే మనవాళ్ళు ఏం చెబుతారో చూడాలని నాకు మహా కుతూహలం.

ప్రశ్నలుంటే అడగండి. సీరియళ్ళ గురించి మాత్రం కాదు.